డెక్ ఉరుస్తుంటే గమ్ము కంటే ముందు తూటు సంగతి చూడాలె

తమ్మీ, నీ ప్రశ్న మొత్తం చదివిన. నువ్వూ నీ దోస్తులూ కలిసి కొన్న 22 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ నాగార్జునసాగర్ నీళ్లల్ల ఉంది. పోయిన వానకాలం నుంచి లోపట పడుకునే బల్ల మీద చుక్కలు పడుతున్నయి. డెక్ (పడవ పై తట్టు) మీది స్టాంచన్ల చుట్టూ, అంటే అంచున పట్టుకునే కంచె కడ్డీల చుట్టూ, తాళ్లు కట్టే క్లీట్ల చుట్టూ సిలికాన్ గమ్ము పెట్టినవు. ఒక వానకు ఆగింది, మళ్ల ఉరుసుడు మొదలైంది. ముందు క్లీట్ కాడ కాలు పెడితే డెక్ కొంచెం మెత్తగ అనిపిస్తున్నది. ఏ గమ్ము కొనాలె, హైదరాబాదుల దొరుకుతదా అని అడిగినవు.

గమ్ము పేరు చెప్త. కానీ కాలి కింద మెత్తగుందని చివర్ల ఒక్క ముక్క రాసి వదిలేసినవు చూడు, నాకు మొత్తం ప్రశ్నల అదే పెద్ద మాట. బల్ల మీద పడ్డ చుక్కతోని పరుపు తడుస్తది, అంతే. డెక్ లోపలికి పోయి బయటికి రాకుండ ఉండిపోయిన నీళ్లున్నయే, పడవను తినేది అవి. అందుకే ముందు తూటు సంగతి, గమ్ము ఆఖరుకు.

ఈ సైజు పడవల్ల డెక్ అంటే ఒకే గట్టి ఫైబర్ పలక ఉండదు. పైన రెండు మూడు మిల్లీమీటర్ల ఫైబర్ పొర, అడుగున ఇంకో పల్చటి పొర, నడుమ 10, 12 మి.మీ. మందాన బాల్సా చెక్కనో, ఫోమో, ప్లైవుడ్డో ఉంటది. బరువు తక్కువుండాలె, వంగకుండ నిలవాలె అని అట్ల కడతరు. బాల్సాను పోగులు నిలువుగ వచ్చేటట్టు చిన్న చిన్న దిమ్మెలు కోసి, జాలిగుడ్డకు అంటించి, అచ్చులో పరుస్తరు. వంపు ఉన్న కాడ దిమ్మెకూ దిమ్మెకూ నడుమ సందు తెరుచుకుంటది. కట్టినప్పుడు ఆ సందులల్లకు రెజిన్ పూర్తిగ దిగకుంటే, తర్వాత నీళ్లు వాటెంబడే పోతయి. కాబట్టి ముందు క్లీట్ కాడ దిగిన నీళ్లు రెండు మూడు అడుగుల అవతల నీ బల్ల మీద పడొచ్చు. చుక్క పడ్డ కాడికెళ్లి పైకి చూసి, సరిగ్గ దాని మీదున్న ఫిట్టింగుకే మందు పెడితే తప్పిపోయేది ఇందుకే.

ఫిట్టింగ్ బిగించనీకి డెక్‌ను తొలిచినప్పుడు ఆ తూటు గోడలో నడుమ చెక్క బయటపడి ఉంటది. పాత పడవల్ల చాలావాటికి కట్టినోళ్లే అట్ల వదిలేసిన్రు. పైన గమ్ము పట్టుకొని ఉన్నన్ని రోజులు ఏం కాదు. ఒక్క పక్క లేచిందంటే ఇగ ప్రతి వానకూ చెక్క ఇంత తాగుతది.

మనది సముద్రం కాదు కద, కృష్ణ నీళ్లే కద అని ధీమాగ ఉండకు. ఇనుముకు మంచినీళ్లు మేలే, తుప్పు నిదానంగ వస్తది. చెక్కకు మాత్రం మంచినీళ్లతోనే ఎక్కువ చేటు. చెక్కను కుళ్లబెట్టే బూజు ఉప్పునీళ్లల్ల సరిగ్గ పెరగదు, వాన నీళ్లల్ల బాగ పెరుగుతది. దానికి కావలసింది తడి, ఇంత గాలి, 25 నుంచి 30 డిగ్రీల వేడి. వానలు మొదలైన కాడ్నుంచి దీపావళి దాక మూసిపెట్టిన పడవ లోపట ఉండేది సరిగ్గ అదే.

సోమశిల దిక్కు ఒడ్డుకు పెట్టిన ఒక పడవ ముందు క్లీట్ ఊడదీసినప్పటి సంగతి చెప్త, నీకు లోపట ఏముంటదో అర్థమైతది. పైకి గమ్ము అంచు తెల్లగ, ఎక్కడా చెదరకుండ ఉన్నది. పేచ్‌కస్ మొన పెట్టి క్లీట్ లేపితే అడుగున సగం పొడి, సగం నల్లటి తడి. నాలుగు బోల్టులల్ల తాడు లాగే దిక్కున్న రెండింటి చుట్టే ఆ నలుపు. తూట్లోకి సన్న కొక్కెం పెట్టి గీకితే మొదలు ముదురు గోధుమరంగు నీళ్లొచ్చినయి. ఆ ఎంబడే చెక్క పోగులు పోగులుగ ఊడొచ్చింది, వేళ్ల నడుమ ఒత్తితే ముద్దయి నీళ్లు కక్కింది. కింద కేబిన్‌లో మాత్రం చుక్క పడ్డ మరక ఒక్కటి లేదు. ఎందుకంటే అడుగున నట్ల చుట్టూ గూడ ఎవరో మందంగ గమ్ము పట్టించిన్రు. పైకెళ్లి దిగిన నీళ్లకు కిందికి పోయే తోవ లేక అవి పక్కకు, చెక్కలోకి తిరిగినయి.

అందుకే ఈ ఒక్కటి గట్టిగ గుర్తుపెట్టుకో: గమ్ము పైన మాత్రమే. అడుగున ప్లేటు, వాషర్, నట్టు, వాటికి గమ్ము వద్దు. ఎప్పుడన్న పైన పట్టు తప్పితే కింద చుక్క కనబడాలె. నీ బల్ల మీద చుక్క పడి నీకు మంచే చేసింది, తమ్మీ. లేకుంటే ఇంకో రెండేండ్లు నీకు తెలవకపోయేది.

ఇప్పుడు పని. మొదలు డెక్ అంతా రూపాయి బిళ్లతోనో, పేచ్‌కస్ పిడితోనో జానెడు జానెడుకు కొట్టుకుంట పో. మంచిగున్న కాడ ఠంగుమని మోగుతది, చెక్క కుళ్లిన కాడనో పొర విడిచిన కాడనో మొద్దు చప్పుడు వస్తది. చప్పుడు మారిన కాడల్లా సుద్దముక్కతోని గీత గీయి. అడుగుకెళ్లి బల్లలు, లైనింగ్ పలకలు విప్పి అన్ని నట్లూ చూడు. నట్టు చుట్టూ తుప్పు మరకనో గోధుమరంగు చారో ఉన్నదంటే ఆ తూటు తాగుతున్నదన్నట్టే. ఏ ఫిట్టింగ్ అనేది ఇంకా తేలకుంటే పైపు పెట్టి నీళ్లు కొట్టు. కానీ డెక్ మొత్తం ఒకేసారి తడపకు. పల్లం దిక్కున్న ఫిట్టింగ్ నుంచి మొదలుపెట్టి ఒక్కోదానికి పది నిమిషాలు నీళ్లిడుచుకుంట మీదికి పో, లోపట ఒకరు బ్యాటరీ లైటు పట్టుకొని చూడాలె. ఇంకో మంచి తరీకా ఉన్నది: హాచ్‌లు (డెక్ మీది మూతతలుపులు), కిటికీలు మూసి టేపేసి, ఒక్క సందులోకెళ్లి బ్లోయర్‌తోని లోపలికి గాలి కొట్టి, పైన ఫిట్టింగుల చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే లీకున్న కాడ బుడగలొస్తయి. నీళ్లు లోపలికి పొయ్యే తోవల గాలి బయటికి వస్తది కాబట్టి ఇది తొందరగ తేలుస్తది.

ముందుగ స్టాంచన్లు చూడు. ఏ పడవల్లనైనా మొదలు ఉరిసేవి అవే, ఎందుకో చెప్త. స్టాంచన్ 60 సెం.మీ. ఎత్తు, దాని అడుగు పట్టీ 10 సెం.మీ. అనుకో. మనిషి తూలి దాని తలకాయ మీద 50 కిలోల బరువుతోని ఒరిగితే, అడుగున బోల్టుల మీద దాదాపు 300 కిలోల లాగుడు పడతది. పలుగేసి బండను లేపినట్టే లెక్క. పడవ ఎక్కెటోళ్లందరూ పట్టుకునేది దాన్నే, జెట్టీకాడ పడవను తోసేది దాన్నే. అడుగున సరైన ప్లేటు లేకుంటే డెక్ ప్రతిసారి ఒక వెంట్రుకవాసి వంగుతది, ఆ వంగుడుకే గమ్ము లేస్తది. ఎంత ఖరీదైన గమ్మైనా కదిలే ఫిట్టింగును ఆపలేదు. ఇంకో సంగతి, ఈ స్టాంచన్ ఊడితే పోయేది మనిషి. సాగర్ నడుమ ఎంత లోతుంటదో నీకు తెలుసు. ఉరుసుడు కోసం కాకున్నా ఆ మనిషి కోసమన్న ఈ పని గట్టిగ చెయ్యి.

ఊడదీసేటప్పుడు ఇద్దరుండాలె. పైన ఒకరు బోల్టు తలకాయ కదలకుండ పట్టుకుంటే, కింద ఒకరు నట్టు తిప్పాలె. బోల్టును తిప్పితే చుట్టూ ఉన్నదంతా చిరుగుతది. ఫిట్టింగ్ లేవకుంటే పారతోని పెకిలించకు, పైపొర జెల్‌కోట్ ముక్కలుగ లేస్తది. హీట్ గన్‌తోని కొంచెం వేడి చేసి, పల్చటి బ్లేడునో, గట్టి సన్న తీగనో అడుగుకెళ్లి రంపం లెక్క లాగు. కొంచెం టైం పట్టినా సాఫుగ వస్తది.

నువ్వు పెట్టిన సిలికాన్ ఇప్పుడు అసలు అడ్డం. సిలికాన్ మీద మళ్ల సిలికాన్ గూడ సరిగ్గ అంటదు, వేరే గమ్ము అసలే అంటదు, రంగు గూడ నిలవదు. అసిటోన్‌తోని కరగదు, తుడిస్తే ఇంకా పలుచగ పక్కకు పూసుకుంటది. బ్లేడుతోని గీకి తీసి, ఎండు గుడ్డతోని గట్టిగ రుద్ది, ఆ తర్వాత గరుకు కాగితం పట్టాలె. గీకకముందే గరుకు కాగితం పెడితే సిలికాన్‌ను గీతలల్లకు దట్టిచ్చినట్టయితది. సాఫైందో లేదో తెలవాలంటే అక్కడ నీళ్లు చల్లు. నీళ్లు పల్చగ పరుచుకుంటే సాఫైనట్టు, బొట్లు బొట్లుగ విడిపోతే ఇంకా ఉన్నట్టు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ అయితే లోహాన్ని గూడ తింటది, ఫిట్టింగుల అడుగుభాగం చూసుకో.

అన్నీ విప్పినంక ఆరబెట్టుడు. ఈ విషయంల మన ఎండ మనకు వరమే. మార్చి నుంచి మే దాక నల్లగొండ గాలిల తడి ఉండదు, సాగర్ నీటిమట్టం గూడ దిగిపోతది. నిండితే సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తున నీళ్లుండే జలాశయం ఎండకాలానికి తగ్గి ఒడ్డు ఎంతో దూరం పోతది. కాబట్టి ఒడ్డు దగ్గర్లో ఉన్నప్పుడే పడవను బయటికి తీసిపెట్టుకో. తూట్లు తెరిచిపెట్టి, పైన వాన పడకుండ గాలాడేటట్టు పరదా కట్టి వారాల తరబడి వదిలెయ్. తూట్లకెళ్లి గీకితే పొట్టు తెల్లగ, పొడిపొడిగ రావాలె. గోధుమరంగు ముద్ద వస్తున్నదంటే అది ఎండినా పనికిరాదు, తీసేయాలె.

మెత్తదనం అరచేయంత జాగలో ఉంటే తూట్లకెళ్లే బాగుచేయొచ్చు. అంతకంటే ఎక్కువుంటే పైపొరను కోసి తీసి, కుళ్లిన చెక్క గీకి, కొత్తది పరిచి, పొరను మళ్ల వేయాలె. అది వేరే పెద్ద పని. తూట్లు పొడిచి రెజిన్ ఎక్కిస్తే సరిపోతదని చెప్పెటోళ్ల మాట వినకు. తడిసిన చెక్కలోకి రెజిన్ పోదు, పోయినంత మేర తడిని లోపటనే బంధిస్తది.

తూటు బాగుచేసే తీరు ఇది. నీ బోల్టు 6 మి.మీ. అనుకో. పైపొరనూ నడుమ చెక్కనూ 12, 13 మి.మీ. బిట్టుతోని తొలువు, అడుగు పొరను మాత్రం తొలవకు. బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే ఎక్కువ దిగదు. తర్వాత చిన్న అలెన్ కీని పొట్టిగ కోసి డ్రిల్లుకు బిగించి, రెండు పొరల నడుమ తిప్పితే చుట్టూ ఇంకో సెంటీమీటరు చెక్క పొడై వస్తది. పొడిని వాక్యూమ్‌తోని పీల్చెయ్. అడుగున పాత తూటుకు టేపు గట్టిగ అంటించి, ఆ ఖాళీనంతా ఎపాక్సీతోని నింపాలె. గట్టిపడ్డంక దాని నడుమ కొత్తగ బోల్టుకు తొలుస్తే, బోల్టు చుట్టూ ఉండేది ఎపాక్సీ గోడ. ఇగ గమ్ము తప్పినా నీళ్లు చెక్కకు తగలవు, నేరుగా కింద చుక్కై పడతయి. నట్టు గట్టిగ బిగిస్తే డెక్ నలగదు గూడ, ఎందుకంటే బరువు చెక్క మీద పడకుండ ఆ ఎపాక్సీ దిమ్మె మీద పడతది. నన్నడిగితే ఈ పని మొత్తంల ఇదే ప్రాణం. ఇది చేసినోళ్లు గమ్ము ఏది వాడినా నడుస్తది, ఇది వదిలేసినోళ్లు ఏది వాడినా మళ్ల మొదటికే వస్తరు.

రెజిన్ సంగతిల జాగ్రత్త. మన దగ్గర నీళ్ల ట్యాంకులు, ఫైబర్ తలుపులు చేసెటోళ్ల కాడుండేది పాలిస్టర్ రెజిన్. కొత్త వస్తువు అచ్చు పోయనీకి అది మంచిదే. పాత ఫైబర్‌కు, చెక్కకు పట్టుకోవాలంటే మాత్రం ఎపాక్సీనే కావాలె. పడవల కోసం వచ్చే విదేశీ ఎపాక్సీ కోసం తిరగక్కర లేదు, అరల్డైట్ ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్ ఫైబర్ సామాను దుకాణాలల్ల దొరుకుతది. బరువులో 100 గ్రాములకు 10 గ్రాములు. కంటి అంచనాతోని పోయకు, వంటింటి డిజిటల్ కాంటా పెట్టు. హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగ గట్టిపడతదనుకోవడం పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీల ఎక్కువైనా తక్కువైనా జిగటగ మిగిలిపోతది.

ముందు పల్చటి ఎపాక్సీని బ్రష్షుతోనో సిరంజితోనో తూటు గోడలకు పట్టించు, చెక్క తాగినంత తాగనియ్. తర్వాత మిగిలిన ఎపాక్సీల ఏరోసిల్ అనే సన్నటి సిలికా పొడి కలిపి, కారకుండ నిలిచేంత చిక్కగ చేసి నింపు. లప్పం పొడి, సుద్దపొడి వద్దు, బోల్టు ఒత్తిడికి నిలవవు. ఒకేసారి 50 గ్రాముల కంటే ఎక్కువ కలపకు. వేడి పది డిగ్రీలు పెరిగితే చేతిల టైం దాదాపు సగమైతది, మన మే నెలల డబ్బాల పెట్టిన ఎపాక్సీ పొగలు కక్కి బిగుసుకుపోతది. కలిపినంక లోతు డబ్బాల ఉంచకుండ వెడల్పు పళ్లెంలకు వంపుకుంటే కొంచెం నిదానిస్తది. ఇంకోటి, ఈ పని పొద్దుగూకినంక చెయ్యి. పొద్దున చేస్తే ఎండ ఎక్కుతున్నకొద్దీ చెక్కలో గాలి ఉబ్బి ఎపాక్సీలకెళ్లి బుడగలై వస్తది. సాయంత్రం డెక్ చల్లబడుతుంటే ఆ గాలే కుంచించుకపోయి ఎపాక్సీని లోపలికి గుంజుకుంటది. పనైనంక డెక్‌కు ముదురు రంగు వేయకు. ఎండల ముదురు రంగు డెక్ 60 డిగ్రీలు దాటుతది, మామూలు వేడిల గట్టిపడ్డ ఎపాక్సీ 50, 60 డిగ్రీల కాడ మెత్తబడుడు మొదలుపెడతది. తెలుపే మేలు.

కొత్త తూటు తొలిచినంక దాని పై అంచును కౌంటర్‌సింక్ బిట్టుతోని రెండు మి.మీ. లోతు చెక్కు. చూడనీకి చిన్న పనే. కానీ అంచు చెక్కకుంటే ఫిట్టింగ్ బిగించినప్పుడు గమ్మంతా పక్కలకు పోయి కాగితమంత పొరనే మిగులుతది. చెక్కితే ఆ గుంటలో గమ్ము బోల్టు చుట్టూ ఉంగరం లెక్క నిలుస్తది. నీళ్లను ఆపేది ఆ ఉంగరమే.

అడుగున ప్లేటు. చిన్న వాషర్ల మీద స్టాంచన్‌ను, క్లీట్‌ను నిలబెట్టకు. ఫిట్టింగ్ పట్టీ కంటే అన్ని దిక్కులా రెండు మూడు సెం.మీ. పెద్దగ, 6 మి.మీ. మందాన ప్లేటు పెట్టు, మూలలు గుండ్రంగ చెయ్యి. అన్నిట్ల మంచిది గ్లాస్ ఎపాక్సీ షీటు, జి-10 అంటరు. రాణిగంజ్‌ల ఎలక్ట్రికల్ ఇన్సులేషన్ సామాను అమ్మే దుకాణాలల్ల అడుగు. మోటారు స్టార్టర్లల్ల కనబడే గోధుమరంగు హైలం షీటు ఇస్తామంటరు, అది వద్దు. అది కాగితం పొరలతోని చేసింది, తడి పీలుస్తది. అల్యూమినియం ప్లేటైనా మన మంచినీళ్లల్ల నడుస్తది. ప్లైవుడ్ పెడితే ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై తీసుకొని అంచులతోసహా ఎపాక్సీ పట్టించు.

బోల్టులు స్టీలు అనంగనే తీసుకోకు. తలకాయ మీద ఏ2 అని ఉంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఏ4 అని ఉంటే 316 రకం. ఏ గుర్తూ లేనివి చవకరకం 202 గూడ కావొచ్చు. మన నీళ్లకు ఏ2 సరిపోతది, సముద్రానికి తీస్కపోయే ఆలోచన ఉంటే ఏ4 తీసుకో. స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద వేగంగ తిప్పితే వేడెక్కి పట్టేసి, ఇగ ముందుకూ పోదు, వెనకకూ రాదు. మర మీద కొంచెం గ్రీజు పెట్టి, మిషన్ వాడకుండ పానతోని చేతితోనే బిగించు.

ఇగ నువ్వు అడిగిన గమ్ము. నీ స్టాంచన్లకు, క్లీట్లకు, తెరచాప తాళ్ల ట్రాకులకు నేను చెప్పేది బ్యూటైల్ టేపు, అంటే జిగురు రబ్బరు టేపు. కార్ల హెడ్‌లైట్లకు, రేకుల షెడ్ల అతుకులకు వాడతరు. రోల్ చుట్టి, నడుమ కాగితం పెట్టి వస్తది. ఒక పక్క అల్యూమినియం రేకు అంటించి వచ్చేది వేరే, అది తీసుకోకు. నల్లటి తారు టేపు గూడ కాదు. ముక్క తుంచి లాగి చూడు: మంచి బ్యూటైల్ దారం లెక్క సాగుకుంట పోతది, నాసిరకం పుటుక్కున తెగుతది. అది ఎన్నటికీ గట్టిపడదు, ఫిట్టింగ్ వెంట్రుకవాసి కదిలినా పట్టు విడువదు, పదేండ్ల తర్వాత విప్పాలన్నా సాఫుగ వస్తది. గన్ను అక్కర లేదు, తొందర లేదు. దానికి రెండు ఓపని జాగలున్నయి. పెట్రోలు, డీజిలు తగిలే కాడ కరుగుతది, కాబట్టి ఇంజను ట్యాంకు మూత కాడ వద్దు. నీటి మట్టం కింద వాడొద్దు.

నీళ్ల కింద ఉండే ఫిట్టింగులకు పాలీయురేథేన్. సికాఫ్లెక్స్ 291 పడవల రకం. కార్ట్రిడ్జి మీద తేదీ చూసి కొను, పాతదైతే గన్నులనే గట్టిపడి ఉంటది. అది గాలిలో తడిని తీసుకొని గట్టిపడే రకం కాబట్టి ఎండు ఎండకాలంల ఆలస్యమైతది, ఆగమాగం చేయకు. 3ఎం 5200 అనే గమ్ము గురించి గూడ రాసినవు. అది మంచి సరుకే, కానీ అది అతికించే మందు. దానితోని పెట్టిన క్లీట్ విప్పాలంటే డెక్ పైపొర గూడ దాని ఎంబడి వస్తది. విప్పే అవసరం ఎన్నటికీ రాని అతుకులకే అది. పాలీసల్ఫైడ్ గూడ డెక్‌కు చాలా మంచిది, పెట్రోలుకు గూడ ఆగుతది. మన దగ్గర కాంక్రీటు ట్యాంకుల అతుకులకు, స్విమ్మింగ్ పూల్‌లకు వాడే రెండు డబ్బాల రకం దొరుకుతది, గన్నుతోని పెట్టే గన్ గ్రేడ్ అడుగు. అయితే ప్లాస్టిక్ ఫిట్టింగులకూ అక్రిలిక్‌కూ పెట్టకు, వాటిని పెళుసు చేస్తది. ఎం-సీల్ పైపుల పనికి బాగుంటది, ఇక్కడ పనికిరాదు, గట్టిపడ్డంక సాగే గుణం లేదు, కదలికకు పగులుతది.

బ్యూటైల్ పెట్టే తీరు. పొద్దున చల్లటి యాల్ల చెయ్యి. డెక్‌నూ, ఫిట్టింగ్ అడుగునూ అసిటోన్ గుడ్డతోని తుడిచి ఆరనియ్. ఫిట్టింగ్ అడుగంతా ఒక పొర టేపు సందు లేకుండ పరువు. బోల్టు తలకాయ కింద, మెడకు ఒక సన్న ముక్కను దారం లెక్క నలిపి చుట్టు, చిన్న శంకువు ఆకారం రావాలె. తూటు పై అంచున నువ్వు చెక్కిన గుంటలకు అది సరిగ్గ కూసుంటది. ఫిట్టింగ్ పెట్టి బోల్టు దింపి, కింద ప్లేటు, వాషర్, నైలాక్ నట్టు (లోపట నైలాన్ ఉంగరమున్నది) వెయ్యి. బోల్టు తిప్పకుండ నట్టు మాత్రమే తిప్పుకుంట, ఒక్కో బోల్టుకు కొంచెం కొంచెంగ, అడ్డం మూలలు మార్చుకుంట బిగించు. చుట్టూ బ్యూటైల్ అంచు కట్టి బయటికి వస్తది. అక్కడ ఆపు. మధ్యాహ్నం ఎండకు మెత్తబడి ఇంకొంచెం వస్తది, తెల్లారి మళ్ల ఒక చుట్టు బిగించు. ఇట్ల బయటికి వచ్చుడు ఆగిపోయేదాక నాలుగైదు రోజులు చెయ్యి. మొదటి రోజే బలమంతా పెట్టి బిగిస్తే ఒక్క దిక్కు కెళ్లి అంతా పోయి, ఇంకో దిక్కు పల్చబడతది. బయటికి వచ్చినదాన్ని ప్లాస్టిక్ ముక్కతోని కోసి తీసెయ్.

హాచ్ అక్రిలిక్ పలకకు మాత్రం సిలికానే సరైంది, అక్కడ దాన్ని తిట్టను. అర మీటరు అక్రిలిక్ పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 1.4 మి.మీ. పెరుగుతది, అల్యూమినియం ఫ్రేము అర మి.మీ. గూడ పెరగదు. ఆ తేడాను సాగి ఆపుకునేది మందంగ పెట్టిన న్యూట్రల్ రకం (వెనిగర్ వాసన రాని) సిలికాన్. అక్రిలిక్‌ను అసిటోన్‌తోని తుడవకు, సన్న సన్న పగుళ్లు పడతయి. సబ్బు నీళ్లు చాలు.

చైన్‌ప్లేట్లు నువ్వు రాయలేదు కానీ, తెరచాప స్తంభాన్ని పట్టుకున్న తీగలన్నీ ఆ లోహపు పట్టీలకే కట్టి ఉంటయి. డెక్‌లకెళ్లి దిగే కాడ అవి రోజూ కదులుతయి, ఉరిసే జాగలల్ల స్టాంచన్ల తర్వాత అవే. స్టెయిన్‌లెస్ అనేది గాలి తగిలితేనే మెరుస్తది. గాలి తగలకుండ తడిల ఉన్న కాడ గుంటలు పడి తెగుతది, అదీ డెక్ మందంల, కంటికి కనబడని కాడ. పడవ ఎట్లాగూ ఒడ్డు మీద ఉంటది కాబట్టి స్తంభం దించి, వాటిని బయటికి తీసి, డెక్ నడుమ ఉండే భాగం తుడిచి భూతద్దంతోని చూడు. గీత కనబడ్డా, గోధుమరంగు గుంట కనబడ్డా కొత్తది వెయ్యి, దానికి పైసలు చూసుకోకు.

మిరుగం లోపల ఇదంతా కావాలంటే ఫిబ్రవరి ఆఖరుకే విప్పుడు మొదలుపెట్టాలె. ఒక్క ఆదివారం ముందు క్లీట్ ఒక్కటి విప్పి, తూట్లకెళ్లి కొక్కెంతోని ఇంత పొట్టు గీకి తియ్యి. అది తెల్లగుందా, గోధుమరంగుందా, పొడిగుందా, ఒత్తితే నీళ్లొస్తున్నయా, మొద్దు చప్పుడు వచ్చే జాగ ఎన్ని జానలుందో కొలిచి రాయి. దాన్ని బట్టి తూట్లకెళ్లే బాగైతదా, పైపొర కోయాలెనా చెప్త. అప్పటిదాక సామాను ఏదీ కొనకు, ఆ స్టాంచన్లను ఎవ్వరినీ పట్టుకోనియకు.